కుండ దగ్గర కెమెరా

ఆత్రేయపురం అనగానే మీకు ముందు నోరూరుతుంది. నాకూ అంతే. మా బావమరిది కూతురి పెళ్ళికి సారెలో పెట్టడానికి రెండువందల పూతరేకులు కావాలని మా ఆవిడ పట్టుబట్టింది. రాజమండ్రిలో ప్రతి వీధిలోనూ అమ్ముతున్నారు కదా అంటే వినదు. "కళ్ళముందు చుట్టించుకున్నది వేరు, అట్టపెట్టెలో ప్రయాణం చేసి వచ్చినది వేరు" అన్నది. అంతటితో వాదం ముగిసింది. బయల్దేరాం.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర కాసేపు కారు ఆపించాను. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ఆనకట్ట స్థానే ఇప్పుడీ బ్యారేజీ వున్నది. ఈ నీళ్ళతోనే దిగువనున్న పొలాలన్నీ పండుతున్నాయి. పూతరేకుకు బియ్యమూ ఆ నీళ్ళవే. నీళ్ళు వచ్చేది పాపికొండల మధ్యనుంచి. పాపికొండల లాంచీ ప్రయాణం ఫోటోలు లేని యిల్లు గోదావరి జిల్లాల్లో తక్కువే. మా యింట్లోనూ వున్నాయి. వాటిలో కొండలున్నాయి, మబ్బులున్నాయి, మా ఆవిడ చలవ కళ్ళద్దాలున్నాయి. పోలవరం ప్రాజెక్టు కోసం దేవీపట్నం వైపు ఖాళీ చేసిపోయిన కొండరెడ్ల, కోయల పల్లెలు మాత్రం ఒక్క ఫోటోలోనూ లేవు. కెమెరా నా చేతిలోనే వున్నది మరి!

బొబ్బర్లంక దాటి కాలవగట్టు పట్టుకుని వెళ్తే దారంతా కొబ్బరి నీడే. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఆత్రేయపురం కోనసీమ జిల్లాలోకి వచ్చింది. 2023లో పూతరేకుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపు వచ్చినందుకో ఏమో, వూళ్ళో అడుగుకొక బోర్డు కనిపించింది. మేము మాత్రం బోర్డు లేని యిల్లొకటి వెతుక్కుని వెళ్ళాం.

చిన్న వసారా. పొయ్యిమీద బోర్లించిన కుండ, దాని కింద ఎండు కొబ్బరాకు మంట. ముందు కూర్చున్నావిడకు యాభై దాటి వుంటాయి. పాలలా పలచని పిండిలో గుడ్డ ముంచి కుండమీద ఒక్క విసురు విసురుతుంది. గుడ్డ దాటిపోయేసరికి రేకు తయారు. ఉల్లిపొరకన్న పలచన. చిటికెలో వూడదీసి పక్కన పెడుతుంది. పక్కగదిలో మరో యిద్దరు తడిగుడ్డతో రేకును మెత్తబరచి, నెయ్యి చిలకరించి, బెల్లం పొడి జల్లి చుడుతున్నారు. ఈ పూతకే పూతరేకు అని పేరు. చూస్తూ వుంటే గంటయినా తెలియదు.

మాకన్న ముందే ఒక కుర్రాడు అక్కడ వున్నాడు, యూట్యూబువాడు. ముక్కాలిపీట ఎక్కి పైనుంచి వంచి తీస్తున్నాడు. "అక్కా, రేకు వెలుతురుకి పట్టు. ఆఁ, ఇప్పుడు నవ్వు" అంటున్నాడు. ఆవిడ నవ్వింది. అతను థాంక్స్ చెప్పి, రెండు పొట్లాలు కొనుక్కుని వెళ్ళిపోయాడు. 

"ఆ బాబు మంచోడేనండి" అన్నది ఆవిడ. "రోజుకి ఇద్దరు ముగ్గురొత్తారు. రేకు తీత్తారు, కుండ తీత్తారు. పొగ మాత్రం ఎవరూ తియ్యరండి. పొగొత్తే బొమ్మ బాగోదంట."

ఆ మాటతో నాకు పాస్తాపూరు గుర్తుకొచ్చింది. అది జహీరాబాదు దగ్గర పల్లె. అప్పట్లో మెదక్ జిల్లా, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన పి.వి. సతీశ్ గారు, 2023లో పోయారు, అక్కడి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వ్యవస్థాపకుల్లో ఒకరు. ఆ సొసైటీ మహిళా సంఘాల స్త్రీలు వీడియో కెమెరా పట్టడం నేర్చుకుని 2001లో తమ మీడియా ట్రస్టు పెట్టుకున్నారు. చాలామంది దళితులు, బడి ముఖం ఎరగనివారు, కూలికి వెళ్ళినవారు. ఇంగ్లీషులో ఏ షాటును ఏమంటారో వాళ్ళకు అక్కరలేకపోయింది. పైనుంచి కిందికి చూస్తూ తీస్తే అది పటేలు షాటు. పటేలు అరుగుమీదనుంచి కూలివాణ్ణి చూసే చూపు అన్నమాట. కిందనుంచి తలెత్తి తీస్తే బానిస షాటు. ఎదురెదురుగా కళ్ళలో కళ్ళు పెట్టి తీస్తే సంఘం షాటు, సంఘంలో అందరూ ఒకే చాపమీద కూర్చుంటారు గనుక. సినిమా కళాశాలల్లో ఏళ్ళ తరబడి చెప్పే పాఠం యింత సూటిగా వస్తుందో రాదో నాకు అనుమానమే.

ఊరికే పేర్లు పెట్టి వూరుకోలేదు సుమండీ. 2002 మార్చిలో మన దేశంలో బీటీ పత్తికి మొదటిసారి అనుమతి వచ్చింది. ఆ యేడు ఈ స్త్రీలు వరంగల్ జిల్లా పల్లెలకు వెళ్ళి, పంటకాలం పొడుగునా అవే చేల దగ్గరికి మళ్ళీ మళ్ళీ తిరిగి, రైతులతో మాట్లాడి తీశారు. మొదట్లో ఆశగా మాట్లాడినవాళ్ళే పంట చివర కోపంగా మాట్లాడతారు. 2003లో ఆ చిత్రం వచ్చింది. వరంగల్ రైతులకు బీటీ పత్తి మీద కోపమెందుకు అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు పేరు దానిది. సేద్యం చేసే చేతులే కెమెరా పట్టడం వల్ల కాబోలు, అందులో రైతులు పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడతారు.

డాక్యుమెంటరీ అంటే మా తరానికి అసలు సినిమాకు ముందు వేసే ప్రభుత్వం వారి బొమ్మ. ఆ కాసేపూ వేరుశనక్కాయలు కొనుక్కోవడానికి బయటికి పోయేవాళ్ళం. పాస్తాపూరు వాళ్ళది అలా లేచిపోనివ్వదు.

నా ఫోనులో వున్న ముక్క ఆవిడకు చూపించాను. చెయ్యి ఆపకుండానే ఓరగా చూసింది. మూడు నిమిషాలయ్యాక చెయ్యి ఆగింది. కుండమీద రేకు మాడింది.

"ఈళ్ళే తీసుకున్నారాండి?" 

"వీళ్ళేనమ్మా."

కాసేపు వూరుకుని, కుడిచెయ్యి చాపింది. వేళ్ళ చివర గీతలన్నీ అరిగి గాజుపలకలా వున్నాయి. "పెళ్ళయి వచ్చినకాడ్నుంచి ఇదే పనండి. మా అత్తగారు నేర్పింది. రేషను మిషను మీద పెడితే వేలిముద్ర పడదండి. నాలుగుసార్లు పెడితే ఒక్కసారి పడద్ది. లైన్లో యెనకాలోళ్ళు యిసుక్కుంటారు. ఇదెవరూ తియ్యలేదండి. తియ్యొచ్చా?"

బియ్యంతో రేకు చేసే చేతికి బియ్యం యివ్వడానికి మిషను వెనకాడుతున్నది. నాకు నోటమాట రాలేదు. మా ఆవిడే నా చేతిలోనుంచి ఫోను లాక్కుని, మీట చూపించి, ఆవిడ చేతికిచ్చింది.

ఆవిడ ముందు పొగ తీసింది. బొమ్మలో రెండు నిమిషాలు తెల్లగా తప్ప యింకేమీ కనపడదు, దగ్గు వినపడుతుంది. తర్వాత తన వేళ్ళు. ఆ తర్వాత కూర్చున్నచోటునుంచే ఫోను పైకి తిప్పి మా ఆవిణ్ణి తీసింది. అందులో మా ఆవిడ తాటిచెట్టంత వున్నది.

"అమ్మో, ఇదేదో మీరు చెప్పిన బానిస షాటులా వుందండీ" అంటూ మా ఆవిడ పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోసుకుని పిండిచుక్కల నేలమీదే చతికిలబడింది. "ఇప్పుడు తియ్యి వదినా."

ఆ వరస ఎక్కడ కలిసిందో నాకు తెలియదు. నేను మాత్రం నిలబడే వున్నాను. నాకు మోకాళ్ళ నొప్పులు.

రెండువందలూ కట్టించేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఆవిడ పెద్దకొడుకు రావులపాలెంలో పనిచేస్తాడట. ఆ వీడియో అతని ఫోనుకు పంపమన్నది. పంపాను. తిరుగుదారిలో పొట్లాలన్నీ మా ఆవిడ ఒళ్ళోనే పెట్టుకుని, ప్రతి గతుకు దగ్గరా డ్రైవర్ని కేకలేస్తూ వచ్చింది.