పంది రూపాయితో ఫోర్టు దాకా

కామాఠిపురాలో పుట్టి పెరిగినవాళ్లకు చోర్ బజారు కొత్త కాదు. మా గల్లీ నుండి నడిచిపోయే దారే. చిన్నప్పుడు సైకిలు బెల్లు కొనడానికి మా బాపు వెంట పోయేవాణ్ణి. కాని ఈ నలభై ఆరేండ్ల వయసులో ఆఫీసుకు సెలవు పెట్టి, చొక్కా లోపలి జేబులో పదిహేడు వెండి రూపాయలు గుడ్డలో కట్టుకొని, అటూ ఇటూ చూసుకుంటూ ఆ బజారుకు పోవలసి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. ఆ దినం నేను తిరిగిన దూరం నాలుగైదు మైళ్లకు మించదు. అయినా అందులో తెలుసుకొన్నది మన పత్రిక చదివే కుటుంబాలకు పనికి రావచ్చునని వ్రాస్తున్నాను. ఇటువంటి మూట దాచుకోని పాత తెలుగు ఇల్లు ఈ బొంబాయిలో అరుదు గదా!

ముందు మూట సంగతి చెప్పాలి. మా తాత నైజాం ఇలాకా నుండి కూలి కోసం ఈ ఊరు వచ్చాడు. ఆ ప్రాంతంనుండి వచ్చిన కామాఠీల పేరుమీదనే మా పేటకు కామాఠిపుర అని పేరు వచ్చింది. నాయనమ్మ మెడలో ఎనిమిది రూపాయల పేరు ఉండేది. అవి గాక తొమ్మిది విడి రూపాయలు. బాపు మిల్లులో పని చేశాడు. 1982 జనవరిలో మొదలైన మిల్లు సమ్మెలో మా ఇంట్లో ఇత్తడి బిందెలు కూడా అమ్ముడుపోయాయి గాని ఈ మూట మాత్రం కదలలేదు. బాపు, అవ్వ ఇద్దరూ పోయిన తరువాత అది నా దగ్గర మిగిలింది. హక్కుదార్లం ముగ్గురం: షోలాపురంలో అక్క, భివండిలో తమ్ముడు, నేను.

కిందటి దసరా తరువాత తమ్ముడు ఫోను చేశాడు. "అన్నా, మన 1862 నాటి రూపాయికి లక్షలొస్తయట. ఎవరో మాట్లాడిండు. రిజర్వు బ్యాంకు సర్టిఫికెట్టు ఇప్పిస్తడట. ముందు కొంత రిజిస్ట్రేషన్ ఫీజు పంపాలె."

నేను వద్దన్నాను. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి పాత నాణేలకు, నోట్లకు ఫీజులు వసూలు చేసేవాళ్లను నమ్మవద్దని, అటువంటి అధికారం తాము ఎవరికీ ఇవ్వలేదని ఆ బ్యాంకే 1921లో కాదు, మొన్న మొన్న 2021 ఆగస్టులో ప్రకటించిందని చెప్పాను. వాడు ఆ మాట ఒప్పుకొన్నాడు గాని వేరే దారి పట్టాడు. "అయితే అమెరికాకు పంపి గ్రేడింగు చేయిద్దాం. సీలు పడితే ధర పెరుగుతది. అయినా మూట నీ దగ్గరనే ఉంది గద. ఏది మంచిదో ఏది కాదో నీకే ఎరుక."

ఆ చివరి మాట నాకు ముల్లులా గుచ్చుకొన్నది. ఇరవై రెండేండ్లు గుమాస్తాగా కాగితాలు కాపాడినవాణ్ణి. ఒక్క చిల్లర తేడా రానివ్వలేదు. నా తోడబుట్టినవాడికే నా మీద అనుమానమా? పైగా అక్క ఇంట్లో అప్పుడు మగ్గాలు ఆగి ఉన్నాయి. ఆమెకు డబ్బు అక్కర. ఆ అక్కర తీరే మార్గం ఈ మూటలో ఉన్నదో లేదో తేల్చవలసినవాణ్ణి నేనే.

అందుకే ఆ గురువారం బయలుదేరాను. మొదట తెలిసిన కంసాలి కొట్టులో ఒక్కొక్క రూపాయి తూకం వేయించి చీటీ మీద వ్రాసుకొన్నాను. ఇది ఖర్చు లేని పరీక్ష. పాత ఇంగ్లీషు రూపాయి సరిగ్గా ఒక తులం, అంటే 11.66 గ్రాములు. అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి. 1940 నుండి వెండి సగానికి తగ్గించారు. 1947 రూపాయి ఒట్టి నికెలు, అయస్కాంతానికి అంటుకొంటుంది. వెండి అంటుకోదు. మా నాణేలు అరిగిన మేరకు కొద్దిగా తగ్గాయి గాని ఒక్కటీ తేడా తూగలేదు. నకిలీది సాధారణంగా తూకంలోనో, అంచు గీతల్లోనో, పోతపోసిన సన్నని చిల్లుల్లోనో దొరికిపోతుందని కంసాలి చెప్పాడు.

అక్కడి నుండి మటన్ స్ట్రీటు. పేరు మటనే గాని అమ్మేది పాత గ్రామఫోన్లు, గడియారాలు, దీపాలు, ఓడల సామాన్లు. ఒక సన్నని దుకాణంలో తెల్లని గడ్డపు పెద్దమనిషి భూతద్దం పెట్టుకొని కూర్చున్నాడు. ఆయన హిందీలో చెప్పినది నేను తెలుగులో పెడుతున్నాను.

మొదట పేరులోని ఎనిమిదీ చూసి ప్రక్కకు నెట్టాడు. "కొక్కెం టాకా వేసిన నాణేనికి గ్రేడింగు దగ్గర అంకె రాదు బేటా. ఇది నగ. వెండి ధర చూసుకో."

తరువాత మా తమ్ముడి ఆశ అంతా పెట్టుకొన్న మూడు 1862 రూపాయలు. ఆయన నవ్వాడు. "సంవత్సరం చూసి మురిసిపోకు. 1862 అని అచ్చు వేసి 1874 దాకా అదే తేదీతో కొట్టారు. పన్నెండేండ్ల పంట! పాతదైతే అరుదు అనుకోవడం మొదటి పొరపాటు." పైగా వాటి మీద మెరుపు చూసి, "ఎవరు తోమారు?" అని అడిగాడు.

నేనేమి చెప్పను? ప్రతి దీపావళికి అవ్వ చింతపండు, విభూతి పెట్టి తళతళలాడేట్టు తోమి లక్ష్మీపూజలో పెట్టేది. ఆమె భక్తికి నేను వంక పెట్టను. కాని నాణెం మీది సహజమైన నునుపు ఒకసారి పోతే మళ్లీ రాదట. తోమిన నాణేన్ని గ్రేడింగువారు అసలైనదే అని ఒప్పుకొంటారు గాని అంకె ఇవ్వరు. కడిగినది అని చీటీ మీద వ్రాసి పంపుతారు. కట్టిన రుసుము మాత్రం తిరిగి రాదు.

గ్రేడింగు అంటే ఏమిటో ఆయనే వివరించాడు. డ్రాయరులోనుండి గట్టి ప్లాస్టిక్కు డబ్బీలో సీలు వేసిన నాణెం ఒకటి తీసి చూపించాడు. లోపల చీటీ మీద సంవత్సరం, అంకె, ఒక నంబరు ఉన్నాయి. ఆ అంకె 1 నుండి 70 వరకు ఉంటుంది. 60కి పైన అంటే బజారులో చేతులు మారనిది. దానికి క్రింద అరుగుదలను బట్టి. ఈ కొలతను 1949లో షెల్డన్ అనే అమెరికా ఆయన తన దేశపు పాత రాగి సెంట్ల కోసం పెట్టాడు. డబ్బీ సీళ్లు వేసే పెద్ద కంపెనీలు అక్కడే 1986, 1987లలో పని మొదలుపెట్టాయి. ఒకరికి మించి నిపుణులు చూసి అంకె నిర్ణయిస్తారు. అమ్మేవాడూ కొనేవాడూ ఒకరి ముఖం ఒకరు ఎరుగరు గనుక మూడో మనిషి మాట కావలసి వచ్చింది.

మిగిలినవాటిలో 1944, 1945 నాటివి రెండు. సగం వెండివి, ఎక్కడైనా దొరికేవి. మూడు హాలీ రూపాయలు. వీటి మీద చార్మినారు బొమ్మ, దాని ద్వారంలో ఉస్మాన్ అలీ ఖాన్ పేరులోని మొదటి అక్షరం ఐన్. నాకు ఉర్దూ రాదు. ఆయన చదివి చూపించాడు. ఏడు హాలీలు ఆరు ఇంగ్లీషు రూపాయలకు సమానంగా ఉండేవి. మా తాత వాటిని మార్చకుండా ఎందుకు ఉంచుకొన్నాడో గాని, చూస్తే నాకు ఊరి మట్టి గుర్తుకు వచ్చింది. ఇవి కూడా తోమినవే.

ఇక పదిహేడవది. దీనిని నాయనమ్మ వేరే గుడ్డపీలికలో చుట్టి పెట్టింది. 1911 నాటి అయిదవ జార్జి రూపాయి. రాజు అంగీ మీద హారంలో చిన్న ఏనుగు ఉంటుంది. ఆ అచ్చులో తొండం పొట్టిగా పడి అది పందిలా కనిపించింది. ముస్లిములు అభ్యంతరం చెప్పగా సర్కారు చాలామట్టుకు వాపసు తీసుకొని కరిగించి, 1912లో తొండం సరిచేసి మళ్లీ కొట్టింది. నాయనమ్మ దానిని పంది రూపాయి అనేది. పూజలో పెట్టనిచ్చేది కాదు. అందువల్ల చింతపండు తగలని నాణెం మా ఇంట్లో ఇది ఒక్కటే!

ఆయన భూతద్దం క్రింద చాలాసేపు తిప్పి చూశాడు. కిరీటం మీద, అంగీ నగిషీ మీద అరుగుదల ఉంది. "అసలైనదే. కాని చేతులు చాలా మారింది. దీనికి గ్రేడింగు ఎందుకు? నీకు దీని మీద అనుమానం ఉందా? లేదు. నాకూ లేదు. అనుమానం లేనిచోట సాక్షికి బత్తెం ఎందుకు?"

కొనేవాడు తక్కువ చెప్పడం లోకసహజం. అందుకని ఆ మాట బయటపెట్టకుండా ఇంకొక దుకాణంలోనూ చూపించాను. ధరలో కొంచెం తేడా చెప్పాడు గాని గ్రేడింగు విషయంలో అదే మాట. పైగా ఇంకొక సంగతి చెప్పాడు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేండ్లు దాటిన నాణెం పురావస్తువు. దానిని మనబోటి వాళ్లు దేశం దాటించడం నేరం. మా తమ్ముడు పోస్టులో అమెరికాకు పంపుదామన్నది ఈ నాణేన్నే! పంపితే లక్షలకు బదులు కోర్టు కాగితం వచ్చేది. నూరేండ్లు దాటినవాటికి గ్రేడింగు కావాలంటే మన దేశంలో ఉంటూ చేసేవాళ్లనే చూసుకోవాలి.

అక్కడి నుండి బస్సెక్కి మహమ్మదలీ రోడ్డు మీదుగా ఫోర్టు చేరుకొన్నాను. పని అయిపోయినా ఇంటికి పోబుద్ధి కాలేదు. షహీద్ భగత్ సింగ్ రోడ్డు మీద రిజర్వు బ్యాంకుకు ఎదురుగా గవర్నమెంటు టంకశాల ఉంది. 1829 నాటిది. దానికి దగ్గరలోనే ఏషియాటిక్ సొసైటీ వారున్న టౌన్ హాలు. ఎత్తైన ఆ రాతి మెట్లమీద కాలేజి పిల్లలు పుస్తకాలు ముందేసుకొని కూర్చున్నారు. నేనూ ఒక ప్రక్కన కూర్చొని పంది రూపాయి బయటికి తీశాను. వెనుక వైపు అడుగున పువ్వు క్రింద సన్నని చుక్క ఉంది. ఆ చుక్క బొంబాయి టంకశాల గుర్తు అని మటన్ స్ట్రీటు పెద్దమనిషి చెప్పాడు. కలకత్తాలో కొట్టినదానికి చుక్క ఉండదు. అంటే ఈ రూపాయి నేను కూర్చున్నచోటికి దగ్గరలో ఉన్న ఆ గోడల వెనుకనే పుట్టింది. ఎన్ని చేతులు తిరిగి నాయనమ్మ గుడ్డపీలికలో చేరిందో!

ఆ మెట్ల మీదనే చీటీ వెనుక లెక్క వేశాను. మాటవరసకు ఒక నాణెం ఉన్నదున్నట్టు రెండు వేలకు పోతుంది, సీలు పడితే మూడు వేలు పలుకుతుంది అనుకొందాం. రుసుము, పోస్టేజి, ఇన్సూరెన్సు కలిసి పదిహేను వందలయితే చేతినుండి అయిదు వందలు పోతుంది. అదే అసలైనదయితే యాభై వేలు చేసే నాణేన్ని నకిలీ అనే భయంతో ఇరవై వేలకే అడుగుతున్నారనుకోండి, అప్పుడు పదిహేను వందలు పెట్టడం తెలివైన పని. కనుక ముందు అడగవలసిన ప్రశ్న అనుమానం ఉన్నదా, ఆ అనుమానం ఖరీదు ఎంత అని. అరుదైన రకమై ఉండాలి. తోమనిదై, కొక్కెం పడనిదై ఉండాలి. ముఖం ఎరుగనివారికి అమ్మే ఉద్దేశం ఉండాలి. వీటిలో ఒకటి తప్పినా రుసుము దండుగ.

మా పదిహేడింటిలో ఈ పరీక్షకు నిలబడినది ఒక్కటీ లేదు. ఈ మాట తమ్ముడికి చెప్పితే, మంచిదేదో అన్న దాచుకొన్నాడని అనుకోడని ఏమిటి నమ్మకం? అక్కడే నా గుమాస్తాగిరీ అక్కరకు వచ్చింది. ఇంటికి వచ్చి ఒక నోటుబుక్కులో గీతలు గీసి ఒక్కొక్క నాణేనికి నంబరు, సంవత్సరం, తూకం, గుర్తులు, ఇద్దరు దుకాణదార్లు చెప్పిన ధరలు వ్రాశాను. రెండు ప్రక్కలా ఫోటోలు తీసి అంటించాను.

ఆ ఆదివారం భివండిలో తమ్ముడి ఇంట్లో ముగ్గురం కూర్చున్నాం. అక్క షోలాపురం నుండి వచ్చింది. మూట విప్పి నోటుబుక్కు తమ్ముడి చేతిలో పెట్టి, "నువ్వే ఒక్కొక్కటి చదివి సరిచూడరా" అన్నాను. వాడు చిన్న త్రాసు కూడా తెచ్చి పెట్టుకొన్నాడు. అయిదారు తూచి, ఏడవదాని దగ్గర త్రాసు ప్రక్కకు జరిపాడు. "చాలన్నా" అన్నాడు. నేను మాత్రం పదిహేడూ తూపించాను. లెక్క అంటే లెక్కే.

అక్క అడిగినది ఒక్కటే మాట. "సీలుకు పెట్టే పైసలు ఎందుకురా? అమ్మితే వచ్చేదేదో చెప్పు." పేరులోని ఎనిమిది, సగం వెండివి రెండు తులం లెక్కన కంసాలికి అమ్మి ఆ సొమ్ము అక్కకే ఇవ్వాలని అనుకొన్నాం. వచ్చినది లక్షలు కాదు గాని ఆగిన మగ్గాలలో ఒకటి మళ్లీ నడవడానికి చాలింది. హాలీలు, 1862వి ఇంటికి ఒక్కొక్కటి పంచుకొన్నాం. పంది రూపాయిని కాగితపు కవరులో పెట్టి, పైన తూకం వ్రాసి, ముగ్గురం సంతకాలు చేశాం. అది తమ్ముడి దగ్గర ఉండాలని నేనే అన్నాను.

చదువరులకు నా మనవి రెండు ముక్కలు. ఇంట్లో పాత నాణెం ఉంటే పండుగకు దాని ముందు దీపం పెట్టండి గాని తోమకండి. గ్రేడింగుకు పంపేముందు తూకం వేయించి, ఇద్దరు తెలిసినవారికి చూపించి, కాగితం మీద లెక్క వేసుకోండి.