తాతయ్య తొట్టిలో తోకకప్పలు

అమీర్‌పేట అనగానే ఏం గుర్తొస్తుంది? మైత్రీవనం, కోచింగ్ సెంటర్లు, గోడమీద జానెడు ఖాళీ లేకుండా అంటించిన పాంప్లెట్లు, భుజాన బ్యాగులతో ఇరుకు సందుల్లో పరుగులు తీసే కుర్రాళ్లు, నెత్తిమీద నుంచి దూసుకెళ్లే మెట్రో. కప్పలు మాత్రం చచ్చినా గుర్తురావు. కానీ కిందటేడు జులైలో ఆ సందుల్లో ఒకదానిలో వారం రోజులపాటు ఎవరికీ కంటిమీద కునుకు లేదు. కారణం... కప్పలే!

పాత పెంకుటిల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కోసం సెల్లారు గుంత తవ్వారక్కడ. ఏవో గొడవలొచ్చి పని ఆగింది. వానలకు గుంత నిండింది. ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కున్నాయో గానీ ఒక్క రాత్రిలో కప్పలన్నీ అక్కడే తేలాయి. పక్క హాస్టల్లో పరీక్షలకు చదువుకునేవాళ్లు చెవుల్లో దూది పెట్టుకున్నారు. ఎదురింటి రెండో అంతస్తులో ఉండే తాతయ్య మాత్రం బాల్కనీలో కుర్చీ వేసుకుని విన్నాడు. ఆయన డిగ్రీ కాలేజీలో జువాలజీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాడు.

రెండు వారాల తర్వాత గుంత దగ్గరికి మోటారు వచ్చింది. నీళ్లు తోడేసి కాంక్రీటు పోస్తారట. ఏడో తరగతి చదివే మనవడు బకెట్ పట్టుకుని పరుగెత్తాడు. వాచ్‌మన్‌ని బతిమాలి, టీ జల్లెడతో పట్టి తెచ్చాడు. మొత్తం 22 తోకకప్పలు. ఇరవై నల్లగా, మినపగింజల్లా ఉన్నాయి. రెండు గోధుమరంగువి, కాస్త పెద్దవి.

''ఏమండీ, ఈ వయసులో మీకూ వాడితో ఆటలేనా? ఆ టబ్బు నా బట్టలు నానబెట్టుకునేది'' అంది నాన్నమ్మ. అప్పటికే తాతయ్య టబ్బు కడిగేశాడు.

తెలిసింది ఎంత?

మొదటి మూడు రోజుల్లోనే నల్లవి పదకొండుకి పడిపోయాయి. కళేబరాలైనా లేవు. నాలుగోరోజు పొద్దున టార్చిలైటు వేసి చూస్తే సంగతి తేలింది. గోధుమరంగువి రెండూ వాటిని పట్టి తింటున్నాయి! అవి బుల్‌ఫ్రాగ్ పిల్లలు. వానాకాలంలో మగది నిమ్మపండులా పసుపురంగుకి తిరిగి, గొంతు దగ్గర నీలం బుడగలు ఊదుతుందే... ఆ పెద్ద కప్ప. దాని తోకకప్పలకు మాంసమే ఇష్టం. నల్లవి ఒంటినిండా బుడిపెలుండే టోడ్ పిల్లలు. వాటికి నాచూ, ఉడికించిన పాలకూరా చాలు. తాతయ్య హడావుడిగా గోధుమరంగువాటిని వేరే గిన్నెలోకి మార్చాడు. మర్నాటికి ఆ గిన్నెలో ఒక్కటే మిగిలింది. రెండోదాన్ని అదే మింగేసింది.

ఆ తర్వాత నీళ్లు మురికయ్యాయని మనవడు టబ్బు మొత్తం ఒంపేసి, నేరుగా కుళాయి నీళ్లు పట్టాడు. సాయంత్రానికి మూడు వెల్లకిలా తేలాయి. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. మనకది మంచిదే, మొప్పలతో ఊపిరి పీల్చే జీవికి విషం. వెడల్పాటి గిన్నెలో ఒక రోజంతా నిలవ ఉంచితే చాలావరకు పోతుంది. అప్పుడైనా టబ్బంతా ఒకేసారి మార్చకూడదు, మూడోవంతు మార్చాలి.

మిగిలిన ఎనిమిదికీ నెల దాటాక వెనక కాళ్లు, ఆ వెంటే ముందు కాళ్లు వచ్చాయి. ఇల్లంతా పండగ! ఆ రాత్రే ఒకటి మునిగి చచ్చిపోయింది. కప్ప నీళ్లలో మునగడమేంటి అంటారా? ముందు కాళ్లు వచ్చే సమయానికి దాని మొప్పలు పోతుంటాయి, ఊపిరితిత్తులు పనిలోకి దిగుతాయి. అప్పుడది ఒడ్డెక్కాలి. నున్నటి ప్లాస్టిక్ టబ్బులో ఒడ్డేదీ? ఏటవాలుగా ఒక రాయి పెట్టి ఉంటే బతికేది.

తాతయ్య చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నాన్నమ్మతో అన్నాడట... ''గుండెకు ఎన్ని గదులో, ఏ నరం ఎటు పోతుందో కళ్లు మూసుకుని చెబుతాను. దానికి ఓ రాయి కావాలని తెలియలేదే! ఇన్నేళ్లూ చచ్చిన కప్పనే చదివాను.''

ఒక ప్రశ్న

పిల్లలు అడగకూడదనిపించినవే అడుగుతారు. ''తాతయ్యా, కాలేజీలో నువ్వు ఎన్ని కప్పల్ని కోశావు?''

మైనం పోసిన ట్రే, గుండుసూదులు, క్లోరోఫాం వాసన. ఒక్కో బ్యాచ్‌కి ఇన్నని గోనెసంచిలో తెచ్చి దించేవారు. ఏడాదికి ఎన్ని బ్యాచ్‌లు, ఎన్నేళ్లు? లెక్కల్లో తాతయ్య దిట్టే. ఆ లెక్క మాత్రం వెయ్యలేదు. ''చాలా కోశాం నాన్నా'' అని ఊరుకున్నాడు. యూజీసీ 2011లో ఈ కోతలు తగ్గించమంది, 2014లో మానేయమంది. ఆయన రిటైరయ్యాకే అవన్నీ.

కప్పకి మనం చేసింది ప్రయోగశాలలోనే కాదు. ఒకప్పుడు మన దేశం నుంచి కప్పకాళ్లు డబ్బాలకెత్తి విదేశాలకు పంపేవారు. పొలాల్లో పురుగుల్ని తినే కప్ప పోతే రైతుకే నష్టమన్న వాదన బలపడింది. 1985లో బుల్‌ఫ్రాగ్ అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణ వచ్చింది. 1987లో ప్రభుత్వం ఎగుమతినే నిషేధించింది. అదే కప్పని వానలు పడకపోతే రోకలికి కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తిప్పి నీళ్లు పోయించుకునేవాళ్లం. చిన్నప్పుడు కప్పతల్లి ఆటలో తిరిగిన నాన్నమ్మకి అది బాగా గుర్తు. అప్పటిదాకా మూతి ముడుచుకున్నావిడ ఆ మాట వచ్చిన రోజునుంచి టబ్బు దగ్గరికొచ్చి కూర్చోవడం మొదలెట్టింది.

ఏం పెట్టాలి?

తోక పూర్తిగా ఇంకిపోయేదాకా కప్పపిల్ల ఏమీ తినదు. ఆ తోకే దాని సద్దిమూట. అసలు చిక్కు ఆ తర్వాతే. మనవడు మెతుకులు వేశాడు, బ్రెడ్డు ముక్కలు వేశాడు. ముట్టలేదు. కప్ప కంటికి కదిలేదే ఆహారం. కదలనిది ఎదురుగా ఉన్నా లేనట్టే. ఆ వారంలో ఇంకో రెండు పోయాయి. మిగిలినవి అయిదు.

అప్పుడు నాన్నమ్మే దారి చూపింది. ''అరటితొక్క పారెయ్యకుండా మర్చిపోతే చుట్టూ ముసురుతాయే, ఆ చిన్న ఈగలు సరిపోవా?'' సీసాలో మగ్గిన అరటిపండు ముక్క వేసి మూత తీసి ఉంచితే రెండు రోజుల్లో ఈగలు చేరాయి. పైన పల్చటి గుడ్డ కట్టారు. పదిరోజులకి అందులోనే కొత్త ఈగలు పుట్టాయి. అయితే టోడ్ పిల్ల వేలిగోరు మీద కూర్చునేంత ఉంటుంది. మొదట్లో దానికి ఆ ఈగ కూడా పెద్ద ముద్దే. అందుకని చెట్టు కింద తడి ఆకుచెత్త గుప్పెడు తెచ్చి వేశారు. అందులో పాకే నలుసంత పురుగులే తొలి విందు. ఆకలి తీరిన పిల్ల ఎలా ఉంటుందో తెలుసా? పొట్ట గుండ్రంగా, కళ్లు అరమోడ్పుగా... అచ్చం పాలు తాగిన పసిపాపలా!

ఇల్లు కూడా మారింది. టబ్బులో రెండంగుళాల తడిమట్టి, ఎండుటాకులు, నీడకి పగిలిన కుండపెంకు, మూతంత లోతున్న నీళ్ల పళ్లెం, పైన దోమతెర. కప్ప నీళ్లు నోటితో తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. అందుకే మట్టి ఆరకూడదు. సబ్బు చేత్తో, ఉప్పు చేత్తో ముట్టకూడదు. బుల్‌ఫ్రాగ్ పిల్లకి విడికాపురం. నోట్లో పట్టేది ఏదైనా దానికి భోజనమే మరి. అసోసియేషన్ సెక్రటరీ వచ్చి ''నిలవనీళ్లు, డెంగీ వస్తుంది'' అని కేకలేశాడు. పళ్లెంలో నీళ్లు రోజూ మారుస్తున్నామని చూపిస్తే తగ్గాడు.

వీడ్కోలు

సెప్టెంబరు చివరికి ఆరూ తేరుకున్నాయి. మనవడు పేర్లు కూడా పెట్టేశాడు. ''ఇక్కడే ఉంచుకుందాం తాతయ్యా'' అన్నాడు. ''వద్దురా. కుక్కపిల్లనైతే ఉంచుకోవచ్చు. ఇవి మనవి కావు. గుంత ఎండిపోతోందని నాలుగురోజులు తలదాచుకోడానికి మనింటికొచ్చాయి, అంతే'' అన్నాడాయన. పిల్లాడు ఏడ్చాడు. తాతయ్య మాట మార్చలేదు.

ఎక్కడ వదలాలి? గుంత ఉన్నచోట స్లాబు పడింది. కప్పని దూరం తీసుకెళ్లి ఎక్కడపడితే అక్కడ వదలడం మంచిది కాదు. 1999లో శాస్త్రవేత్తలు పేరుపెట్టిన ఒక చర్మపు ఫంగస్, చాలా దేశాల్లో కప్పజాతుల్నే తుడిచిపెట్టింది. రోగం ఒకచోటి నుంచి ఇంకోచోటికి మన చేతులమీదుగానే పోవచ్చు. కాబట్టి దగ్గర్లోనే, అవే రకం కప్పలున్న చోటే వదలాలి. పంజాగుట్టలో తాతయ్య పాత సహోద్యోగి ఇల్లుంది. బావి, మామిడిచెట్టు, పెరట్లో తొట్టి. ఏటా అక్కడ ఇవే కప్పలు అరుస్తాయి. ఓ ఆదివారం చిరుజల్లు పడుతుంటే ఇద్దరూ ఆటోలో బయల్దేరారు. ఒళ్లో చిల్లులు పొడిచిన రెండు స్వీటు డబ్బాలు.

మూత తీయగానే టోడ్ పిల్లలు ఆకుల్లో కలిసిపోయాయి. బుల్‌ఫ్రాగ్ పిల్ల మాత్రం ఓ క్షణం ఆగింది. తర్వాత ఒక్క గెంతు!

ఆ రాత్రి తాతయ్య ట్రంకుపెట్టెలోంచి పాత ప్రాక్టికల్ రికార్డు తీశాడు. చివర్లో ఖాళీగా ఉన్న పేజీలో తేదీ వేసి, ఒకే అంకె రాశాడు... 6.

ఈ ఏడు తొలి పెద్దవాన కురిసిన రాత్రి పంజాగుట్ట నుంచి ఫోనొచ్చింది. అవతల ఎవరూ మాట్లాడలేదు. ఫోను కిటికీ బయటికి చాపినట్టున్నారు. బెకబెకలు. మనవడు చెవి ఆనించి విన్నాడు. ''మనవేనా తాతయ్యా?''

''ఎవరికి తెలుసురా? విను'' అన్నాడు తాతయ్య, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ.