మాఘం నుంచి మామిడికాయల దాకా

రండి, ఇటు మంచం మీదికి జరిగి కూర్చోండి. పోయినసారి సీతాఫలాల దగ్గర ఆపుకున్నాం కదా. బాలానగర్ కాయ తీపా, గుట్ట మీది కాయ తీపా అని తేల్చుకునేలోపే బుట్టలు ఖాళీ అయ్యాయి. ఆ తర్వాత చలి వచ్చింది, పోయింది. ఇప్పుడు పాలమూరు, నల్గొండ గుట్టల మీద మోదుగులు ఆకు రాల్చి పూత పట్టాయి. పొద్దున పదింటికే నీడ వెతుక్కుంటున్నాం. ఈ కాలం ఎవరిదని నన్నడిగితే పద్నాలుగు నుంచి పదిహేడేళ్ల మగపిల్లలది అంటాను. ఇంట్లో "పనీ లేదు, పాటా లేదు" అని తిట్లు తినేది వాళ్లే. ఊళ్లో ఏ పని మొదలైనా ముందుగా కేకేసి పిలిచేదీ వాళ్లనే. ఈసారి వాళ్ల వెంట ఒక చుట్టు తిరిగొద్దాం.

ముందు గొంతుల సంగతి. సంక్రాంతికి పతంగి ఎగరేస్తూ సన్నగొంతుతో కేరింతలు కొట్టిన పిల్లాడే, శివరాత్రి నాటికి గొంతులో గులకరాళ్లు పోసుకున్నట్టు మాట్లాడుతున్నాడు. మీసం ఇంకా మసిగీతే. అయినా కటింగ్ షాపులో అద్దం ముందు అరగంట. వెనక బెంచీ మీద కూర్చున్న పెద్దాయన ఒకే పేపరు మూడుసార్లు చదివేశాడు, పెళ్లి ప్రకటనలతో సహా.

ఇక పొద్దున్నే వీళ్ల డ్యూటీ నీళ్లు. నల్లా వచ్చే వేళకు లేవాలి. రాకపోతే సైకిల్‌కు రెండు పక్కలా క్యాన్లు కట్టుకుని బయల్దేరాలి. నల్గొండ వైపు నీళ్లంటే మామూలు మాట కాదు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై తరాల ఎముకలు వంగిపోయిన నేల అది. పటిక, సున్నం కలిపి ఆ ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతికి 1970లలో పెట్టిన పేరు ‘నల్గొండ టెక్నిక్’. ఆఫ్రికాలోని టాంజానియా, కెన్యాల దాకా ఆ పేరుతోనే వెళ్లింది. మన ఊరి పేరు లోకానికి ఇలా తెలియాల్సి రావడం నాకు బాధే. కానీ కృష్ణా నీళ్లు నల్లాల్లో పడుతున్న ఈ రోజుల్లో, తెల్లని పళ్లతో నవ్వే తొమ్మిదో తరగతి పిల్లవాణ్ణి చూస్తే కళ్లు చెమరుస్తాయి. వాడి తాతకు ఆ నవ్వు దొరకలేదు.

అన్నట్టు, మాఘం జాతరల దుమ్ము ఇంకా చెప్పుల మీదే ఉంది. మహబూబ్‌నగర్ దగ్గర మన్యంకొండకు మాఘ పున్నమికి జనం విరగబడతారు. ‘పేదల తిరుపతి’ అన్న పేరు ఊరికే రాలేదు. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రెండేళ్లకోసారి. అది వచ్చిన ఏడు ఆ పక్క ఊళ్ల కుర్రాళ్లకు ఇంట్లో అన్నం తినే తీరికుండదు. గజ్జెలు కట్టుకుని, డప్పుల మధ్య "ఓ లింగా" అంటూ గట్టు ఎక్కుతుంటే ముందువాడి మడమ తప్ప మరేమీ కనబడదు. తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో చదువుతుంటారు కదా, అలా ఒకప్పుడు తన పేరు చదివించుకున్నవాడే ఇప్పుడు చిన్న తమ్ముణ్ణి భుజం మీద కూర్చోబెట్టుకుని నడుస్తున్నాడు.

ఇక కాముని పున్నమి. దీని దగ్గర కాస్త ఆగుదాం, నాకు ప్రాణమైన పండుగ ఇది. పున్నమికి వారం, పది రోజుల ముందు నుంచే రాత్రి అన్నాలు కాగానే కోలలు చప్పుడవుతాయి. జాజిరి ఆడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. బియ్యమో, జొన్నలో, పదో పరకో పెట్టేదాకా వాకిలి వదలరు. చిన్నవాళ్లు పాట అందుకుంటారు. పదిహేనేళ్లవాడు వెనక వరసలో నిలబడి కోల తిప్పుతాడు. పాడదామంటే సిగ్గు, పాడకుండా ఉండలేడు. అటు పక్క అరుగు మీద అదే ఈడు ఆడపిల్లలు కూర్చుని ఉంటే కోల చప్పుడు ఇంకాస్త గట్టిగా వినబడుతుంది. కాముని మంటకు కట్టెలు పోగుచేసే భారమంతా ఈ పెద్ద పిల్లలదే. పిడకలు, విరిగిన బండి చక్రం, చెద పట్టిన తలుపు, అడిగి తెచ్చినవి కొన్ని, అడగకుండా తెచ్చినవి కొన్ని. వాకిట్లో పాత మంచం ఉన్నవాళ్లు ఈ వారం దాన్ని ఇంట్లోకి తీసుకుపోండి. మీరు కూర్చున్న ఈ మంచాన్ని కూడా రాత్రికి లోపల వేస్తాను.

మర్నాటి హోలీ రంగుకు మోదుగు పూలే. సైకిళ్ల మీద గుట్టకు పోయి, సంచి నిండా దూసుకొచ్చి, రాత్రి పెద్ద గిన్నెలో ఉడకబెడితే తెల్లారేసరికి నారింజ రంగు నీళ్లు. దుకాణంలో దొరికే పొడి కళ్లు మండిస్తుంది, పూల నీళ్లు ఒంటికి చలువ అని అమ్మమ్మలు ఊరికే చెప్పలేదు. ఈమధ్య చాలా ఊళ్లలో పిల్లలు మళ్లీ పూల వైపు తిరుగుతున్నారు. ఏ చెట్టు ముందు పూస్తుందో, ఏ చెట్టు మీద తేనెపట్టు ఉందో వాళ్లకు నోటికొచ్చు. పాఠాలూ ఇంత బాగా వస్తే బాగుండునని అమ్మల మొర.

పాఠాలంటే గుర్తొచ్చింది. మార్చి నడిమికి ఒంటిపూట బడులు, ఆ వెనకే పదో తరగతి పరీక్షలు. హాల్‌టికెట్లు ముందు గుళ్లోకి, తర్వాత కంపాస్ బాక్సులోకి. వేకువన నాలుగింటికి డాబా మీద చదువు, ఆరింటికి అదే పుస్తకం కింద తల పెట్టి నిద్ర. అత్తలు, మేనమామలు ఫోన్లు చేసి "ఎట్ల రాసినవురా?" అంటే "మంచిగనే" అన్న ఒక్క మాట. అంతకుమించి ఒక్క ముక్క రాదు.

లైబ్రరీల్లో ఇప్పుడు కుర్చీ దొరకడం కష్టం. ఉద్యోగ పరీక్షలకు చదివే అన్నలు పొద్దున్నే వచ్చి కూర్చుంటున్నారు. కథల బీరువా పక్క మాత్రం ఖాళీయే. అక్కడ దుమ్ము దులిపితే ‘టామ్ సాయర్’ తెలుగులో కనబడొచ్చు. అమెరికాలో పెద్ద నది ఒడ్డున ఒక చిన్న ఊరు. కంచెకు సున్నం వేయమని పెద్దమ్మ పురమాయిస్తే, ఆ పని స్నేహితుల చేత వేయించి, పైగా వాళ్ల దగ్గరే కానుకలు పుచ్చుకున్న పిల్లవాడి కథ. ఉగాదికి గోడలకు సున్నం వేసే మన ఇళ్లలోనూ ఈ యుక్తి నడుస్తుంది. తమ్ముడి చేతికి బ్రష్షు, అన్న చేతికి బ్యాటు. ఆ పుస్తకం అచ్చయింది 1876లో. మన దక్కన్‌ను పెద్ద కరువు పట్టుకున్నదీ ఆ ఏడే, 1878 దాకా వదల్లేదు. అక్కడి పిల్లలు ఆ కథ చదివి నవ్వుకుంటున్న రోజుల్లో ఇక్కడి పదిహేనేళ్లవాడు అమ్మానాన్నల వెంట గంజి పోసే చోటు వెతుక్కుంటూ నడిచి ఉంటాడు. వాడు ఏ ఆట ఆడాడో, ఏ బావిలో ఈదాడో చెప్పే పుస్తకం నాకు ఇంతవరకు కనబడలేదు. ఈ కబుర్లలో ఇలాంటి చిన్న సంగతులన్నీ రాసి పెట్టాలని నేను పట్టుబట్టేది అందుకే.

ఇక బస్సుల కబురు. 2023 డిసెంబర్ 9 నుంచి మన ఆర్టీసీలో ఆడవాళ్లకు టికెట్ ఖర్చు లేదు కదా. నానమ్మ, అమ్మ, అక్క అందరూ సీట్లలో, జీరో టికెట్లతో. మధ్యలో రాడ్ పట్టుకుని వేలాడే తమ్ముడొక్కడికే చిల్లర లెక్క. దేవరకొండ నుంచి నల్గొండ దాకా నిలబడి వచ్చినా మొహంలో విసుగు లేదు. నానమ్మ సంచిలో పల్లికాయలున్నాయి మరి.

పోచంపల్లి, పుట్టపాక నేత ఊళ్ల వైపు వెళ్తే పిల్లల చేతులు వేరే లెక్క చెబుతాయి. బడి నుంచి రాగానే కండెలు చుట్టడం, రంగు దారాలు ఆరేయడం, అమ్మకు ఆసు దగ్గర సాయం. ఆసు పోయడమంటే నేతకు ముందు దారం చుట్టుకోవడం; ఒక్క చీరకే చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. ఆలేరు దగ్గరి ఊళ్లో ఆరో తరగతితో బడి ఆగిపోయిన ఒక పిల్లవాడు, తల్లి భుజం నొప్పి చూడలేక, పెద్దయ్యాక ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆ పనిని యంత్రం చేత చేయించాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ వీధుల్లో ఇప్పుడు ఏ పిల్లవాడైనా పాత మోటారు విప్పి కూర్చుంటే ఇంట్లోవాళ్లు తిట్టబోయి కాస్త ఆగుతున్నారట.

క్రికెట్ లేకుండా ఈ కాలం ఎట్లా? పాలమూరులో ఒకప్పుడు ఎండిన చెరువు శిఖమే గ్రౌండు. బంతి తూము దాటితే ఆరు, కట్ట ఎక్కితే నాలుగు. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతలతో కృష్ణా నీళ్లు చెరువుల్లోకి వచ్చాక చాలా ఊళ్లలో పిచ్ మునిగిపోయింది. టీమంతా కట్ట మీద నిలబడి తమ వికెట్ల మీదుగా చేపలు పోతుంటే చూసింది. ఒక్కడూ ఏడవలేదు. పల్లి చేను పీకిన మడిలో కొత్త పిచ్ తయారైంది. మట్టిపెడ్డలు ఇంకా ఉన్నాయి కాబట్టి బంతి ఎటు లేస్తుందో బౌలర్‌కే తెలియదు.

అన్నట్టు, ఈతల కాలం వచ్చేస్తోంది. మోటబావి గడ్డ మీద నుంచి మొదటి దూకుడు దూకనివాడు ఇంకా చిన్నపిల్లాడి లెక్కే. వెనకటికి నడుముకు బెండు కట్టేవాళ్లు, ఇప్పుడు గాలి నింపిన ట్యూబు. మిర్యాలగూడ పక్కన సాగర్ ఎడమ కాలువ నీళ్లు చూడ్డానికి నెమ్మదిగా ఉంటాయి, లోపలి లాగుడు వేరు. ప్రతి ఎండాకాలం ఎక్కడో ఒక ఇంటి దీపం ఆరిపోతుంది. అందుకని చేతులు జోడించి అడుగుతున్నాను. ఈత వచ్చిన పెద్దవాడు ఒడ్డున లేనిదే పిల్లల్ని దిగనివ్వకండి. నేర్పేవాడుంటే మాత్రం ఆపకండి.

పెళ్లిళ్లూ మొదలయ్యాయి. ఫంక్షన్ హాళ్లలో తెల్ల చొక్కా వేసుకుని, సాంబారు బకెట్టు పట్టుకుని వరసలో పరుగెత్తే పిల్లవాణ్ణి గమనించారా? ఇంటర్ మొదటి ఏడు. క్యాటరింగ్ డబ్బులతో ఫోన్ రీచార్జ్, మిగిలితే చెల్లెలికి గాజులు. బరాత్‌లో డప్పు మోగితే బకెట్టు కింద పెట్టి రెండు స్టెప్పులు వేసి వస్తాడు. వడ్డన ఒక్క నిమిషం ఆగితే సర్దుకుపోదాం.

ఈ ఏళ్లలో రంజాన్ కూడా ఇదే కాలంలో పడుతోంది. సాయంత్రం మసీదు వీధిలో సమోసాల బండి దగ్గర ఉపవాసమున్నవాడూ, లేనివాడూ ఒకే బెంచీ పిల్లలు. ఉన్నవాడు అజాన్ కోసం ఆగుతాడు, లేనివాడు వాడి కోసం ఆగుతాడు.

తినేవాటి సంగతి రెండే ముక్కలు. కొల్లాపూర్ తోటల్లో మామిడి పిందె గోళీకాయంత అయింది. రాళ్లు గురి చూసుకుంటున్నాయి, ఉప్పుకారం పొట్లాలు జేబుల్లోకి చేరాయి. ముంజలకు ఇంకా కొన్నాళ్లు ఓపిక పట్టాలి.

ఇక సలేశ్వరం జాతర ప్లాన్లు ఇప్పటినుంచే. చైత్ర పున్నమికి నల్లమలలో ఆ కొద్ది రోజులే దారి తెరుస్తారు. శ్రీశైలం రోడ్డు మీద ఫర్హాబాద్ గేటు నుంచి లోపలికి పోయి, తర్వాత లోయలోకి కాలినడక. పూజారులు చెంచులే. పోయేటప్పుడు "వస్తున్నాం లింగమయ్యా", తిరిగొచ్చేటప్పుడు "పోతున్నాం లింగమయ్యా". అచ్చంపేట పిల్లలు ఇంట్లో అనుమతి అడగడం మొదలుపెట్టారు. నీళ్ల సీసాలు వెనక్కి తెస్తేనే పంపుతామని చెప్పండి. అది పులుల అడవి, మన ప్లాస్టిక్ అక్కడ ఉండకూడదు.

సలేశ్వరానికి పదిహేను రోజుల ముందే ఉగాది. మన దగ్గర పచ్చడి నాకేది కాదు, కొత్త కుండలోంచి గ్లాసులతో తాగేది. కోస్గి, మద్దూరు, నారాయణపేట వైపు ఈ పండక్కి ఇంకో అర్థం ఉంది. దసరా, దీపావళి కాగానే ముంబైకి, పుణేకి పనికి పోయిన అమ్మానాన్నలు తిరిగొచ్చే వేళ ఇది. దేశంలో ఎక్కడ కాలువ తవ్వినా, డ్యామ్ కట్టినా ‘పాలమూరు లేబర్’ అన్న మాట వినిపించేది. ఆ లేబర్ పిల్లలు ఇక్కడ నానమ్మ దగ్గరో, సీజనల్ హాస్టల్లోనో ఉండి చదువుకుంటారు. రేషన్ తేవడం, నానమ్మకు బీపీ గోలీలు తేవడం, మేకల్ని తోలడం, చెల్లెలి ఫీజు కట్టడం, అన్నీ పదిహేనేళ్లవాడి చేతుల మీదే. వాడు ఈ వారం వేపపూత తెంపి ఆరబెట్టాడు, కుండ కొన్నాడు. ఫోన్లో మాట్లాడబోతే అటునుంచి తల్లి, "ఎవలు మాట్లాడేది? ఫోన్ మా కొడుక్కియ్యి" అంది. "నేనేనమ్మా" అని మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.

పండగ ముందురోజు తెల్లవారుజామున ముంబై బస్సు వస్తుంది. వాడు నాలుగింటికే బస్టాండులో ఉంటాడు, తల దువ్వుకుని. తల్లి మూటతో దిగి, గుంపులో తన నడుమెత్తు పిల్లల్లో కొడుకు కోసం వెతుకుతుంది. వాడు వెనకనుంచి వచ్చి మూట అందుకుంటూ "అమ్మా" అంటాడు. ఆ కొత్త గొంతుకు ఉలిక్కిపడి ఆమె మూటను ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. రెండోసారి పిలిచాక తల ఎత్తి చూసి, వదులుతుంది.