కారు చేరని దీవి... కాకినాడకు కాపలా!

కాకినాడ తీరం నుంచి చూస్తే సముద్రంలో సన్నటి గీత గీసినట్టు కనిపిస్తుంది హోప్ ఐలాండ్. అక్కడికి వంతెన లేదు. కార్లూ బస్సులూ వెళ్లవు. పడవెక్కాలి, ఇసుకలో దిగాలి, నడవాలి. అంతే!

గ్రీసు దేశంలో హైడ్రా అని ఓ దీవి ఉంది. అక్కడ మోటారు వాహనాలను కావాలనే దూరం పెట్టారు. సామాన్లు కూడా గాడిదలూ కంచరగాడిదల మీదే వెళ్తాయి. ఆ ప్రశాంతత కోసమే ఎక్కడెక్కడి నుంచో పర్యటకులు వస్తారు. మన గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న ఈ దీవికి మాత్రం ఏ నిషేధమూ అక్కర్లేదు. ఇసుకలో చక్రం తిరిగితేగా!

గోదారి కట్టిన గోడ

హోప్ ఐలాండ్‌ను మనుషులెవరూ కట్టలేదు. గౌతమి పాయ మోసుకొచ్చిన ఇసుకను అలలు ఉత్తరంగా నెట్టుకుంటూ వచ్చాయి. సుమారు రెండు వందల ఏళ్లలో అది 16 కిలోమీటర్ల పొడవైన ఇసుక తిన్నె అయింది. పేరు ఆంగ్లేయుల కాలం నాటిది. హోప్ అంటే ఆశ. బంగాళాఖాతంలో ఎంత పెద్ద అల లేచినా ముందు ఈ తిన్నెనే తాకాలి. అందుకే దీవికీ ఊరికీ మధ్యనున్న కాకినాడ అఖాతం చాలావరకు చెరువులా నిలకడగా ఉంటుంది. పడవ ప్రయాణంలో లంగరేసిన పెద్ద ఓడలు, వాటికి సరకు చేరవేసే బార్జీలు కనిపిస్తాయి. ఓడలకు ఆ నెమ్మది దొరికిందంటే ఈ ఇసుక గోడ చలవే.

గోడ విలువ తెలియాలంటే పక్కనే ఉన్న కోరంగి కథ వినాలి. ఒకప్పుడు అది పేరుమోసిన రేవు. బర్మా వెళ్లిన తెలుగువాళ్లను అక్కడివారు 'కోరంగీలు' అని పిలవడానికి కారణం ఆ ఊరే. 1789లో, మళ్లీ 1839లో వచ్చిన ఉప్పెనలు ఆ రేవును ఊడ్చేశాయి. అప్పటికి ఈ తిన్నె ఇప్పుడున్నంత పెరగలేదు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను కోనసీమను అతలాకుతలం చేసి, వెయ్యిమందికి పైగా పొట్టన పెట్టుకుంది. సముద్రం మీదికొస్తే ఏమవుతుందో ఈ ప్రాంతంవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఏం చూడొచ్చు?

ఓ పక్క ఎగసిపడే బంగాళాఖాతం, మరోపక్క అలికిడిలేని అఖాతం. రెండు సముద్రాల మధ్య నడుస్తున్నట్టే ఉంటుంది. పీతలు గీసిన ముగ్గులు, సరుగుడు చెట్లు, మత్స్యకారుల పాకలు కనిపిస్తాయి. శీతాకాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ ఇసుకలోకి వచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో తల్లి దాదాపు వంద గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి వెళ్లిపోతుంది. ఒడ్డుకు రాబోతూ మరపడవల వలల్లో చిక్కి చచ్చిపోయేవీ ఉంటాయి.

తిరుగు ప్రయాణంలో యానాం దారిలోని కోరంగి అభయారణ్యం చూడాల్సిందే. 1978లో ఏర్పాటైన ఈ అభయారణ్యం విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లు. చెక్క వంతెన మీద నడుస్తుంటే నల్లమడ, తిల్ల చెట్లు, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేళ్లు కనిపిస్తాయి. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే ప్రమాదం, పిల్లల్ని తాకనివ్వొద్దు. అదృష్టం బాగుంటే నీటికుక్కలు కనిపిస్తాయి. చేపలు పట్టే బావురుపిల్లి మాత్రం రాత్రిపూటే బయటికొస్తుంది. ఇదే దారిలోని చొల్లంగిలో పుష్య అమావాస్యనాడు సముద్ర స్నానాలకు జనం పోటెత్తుతారు. దాన్ని చొల్లంగి అమావాస్య అనే అంటారు.

గోడకే కష్టమొస్తే?

ఇసుక తెచ్చిన గోదావరి ఇప్పుడు మునుపటంత తేవడం లేదు. ఎగువన కట్టిన జలాశయాల్లో ఒండ్రు ఆగిపోతోంది. డెల్టా తీరం కొన్నిచోట్ల కోతకు గురవుతోంది. మరో విచిత్రమూ ఉంది. కాకినాడను కాస్తున్న ఈ తిన్నెకు ఉత్తరాన ఉప్పాడలో ఇళ్లు, రోడ్డు సముద్రంలో కలిసిపోతున్నాయి. తిన్నె పెరగడంతో అటు వెళ్లాల్సిన ఇసుక ఆగిపోవడం, అలల దిశ మారడం కూడా అందుకు కారణాలని నిపుణులు అంటున్నారు. ఒకచోట పెట్టిన ఇసుకను సముద్రం మరోచోట వసూలు చేసుకుంటోందన్నమాట.

వెళ్లేవారికి...

రైల్లో సామర్లకోట వరకు వచ్చి రోడ్డు మార్గంలో కాకినాడ చేరొచ్చు. నేరుగా కాకినాడ టౌన్ స్టేషన్‌కూ రైళ్లున్నాయి. నవంబరు దాటాక ఫిబ్రవరి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. దీవికి పడవలు నడుస్తున్నాయో లేదో, అటవీశాఖ అనుమతి అవసరమో ముందే కనుక్కోవాలి. సముద్రం బాగా లేనప్పుడు పట్టుబట్టకూడదు. లైఫ్ జాకెట్ లేనిదే పడవ ఎక్కొద్దు. అక్కడ హోటళ్లుండవు కాబట్టి మంచినీళ్లు, తిండి వెంట తీసుకెళ్లాలి. ఖాళీ సీసాలు, కవర్లు మళ్లీ సంచిలోనే వెనక్కి తేవాలి. ఆ ఇసుక కింద తాబేలు గుడ్లుంటాయి మరి!