రెండు పేజీల రూల్స్, నాలుగు గోగునార పోగులు

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు గది తలుపు మీద అంటించే కాగితం ఎక్కడైనా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఇప్పటికి నాలుగు క్యాంపసుల్లో చదివాను. కాగితం ఇంగ్లీషులోనే ఉంటుంది గానీ నా బుర్రలో మాత్రం పాత రేడియో వార్తల తెలుగులో వినిపిస్తుంది. చెప్పులు బయట విడవవలెను. తడి శాంపిల్స్ స్వీకరించబడవు. అయస్కాంత గుణం ఉన్న పొడులు స్వీకరించబడవు. గైడు సంతకం, హెచ్ఓడీ ముద్ర లేని ఫారములు పరిశీలించబడవు. సొంత విద్యార్థులకు ఇంత, బయటి విద్యాసంస్థలకు ఇంత, కంపెనీలకు ఇంత. పెన్‌డ్రైవ్ అనుమతించబడదు, కొత్త సీడీ తెచ్చుకొనవలెను (ఈ రోజుల్లో కొత్త సీడీ ఎక్కడ దొరుకుతుందో మాత్రం రాయరు). అన్నిటికన్నా కింద, కాస్త చిన్న అక్షరాల్లో: ఏ స్లాటునైనా మార్చు హక్కు ఇన్‌ఛార్జికి కలదు.

నేను వీటిని ఇంత శ్రద్ధగా చదవడానికి కారణం గోగు.

మాది ఆమదాలవలస పక్కన పల్లె. గోగు అనగానే అందరికీ పచ్చడి గుర్తొస్తుంది. మా వైపు గోగంటే నార కూడా. పంట కోసి, కట్టలు కట్టి, చెరువులో ముంచి, పైన బరువు పెట్టి రెండు మూడు వారాలు ఊరేస్తారు. నీళ్ళలోని సూక్ష్మజీవులు బెరడులో జిగురులా ఉండే పెక్టిన్‌ని తినేస్తాయి. నార పుల్లని వదులుతుంది. ఆ రోజుల్లో ఊరంతా ఒకటే కంపు. నడుం లోతు నీళ్ళలో నిలబడి నార ఒలిచేవాళ్ళలో మా నాన్న ఒకడు, ఆ సీజనంతా ఆయన కాళ్ళకి దురదే. ఊరి వ్యవసాయ పరిశోధన స్థానంలో గోగు మీద ఎన్నో ఏళ్ళుగా పని జరుగుతోంది. అక్కడ తయారైన రకాలకి ఏఎంవీ-1, ఏఎంవీ-2 అంటూ పేర్లు. ఆ మూడక్షరాలు ఆమదాలవలసవే. రైల్వేవాళ్ళు మా స్టేషన్‌ని శ్రీకాకుళం రోడ్ అంటారు, దాని కోడ్ ఇంకా బ్రిటిష్‌వాళ్ళ చికాకోల్ దగ్గరే ఆగిపోయింది. విత్తనం మాత్రం ఊరి పేరు మోస్తోంది.

నా పీహెచ్‌డీ కూడా ఆ చెరువు కంపులోంచే పుట్టింది. చెరువులో ఊరేసిన నారకీ, బ్యాక్టీరియా కల్చర్ కలిపిన తొట్టిలో తక్కువ నీళ్ళతో ఊరేసిన నారకీ తేడా ఏమిటి? ఎంత బరువుకి తెగుతుందో కొలిచే మిషన్ ఉంది, అంకె చెబుతుంది. ఆ అంకె ఎందుకొచ్చిందో చెప్పదు. పెక్టిన్ పొర పూర్తిగా పోయిందా, పోతూ పోతూ నారని కూడా కొరికిందా అనేది పోగు ఒంటి మీద చూడాలి. మా డిపార్ట్‌మెంటులోని మామూలు మైక్రోస్కోపుకి అంత చూపు లేదు. కంటికి కనపడే కాంతి తరంగదైర్ఘ్యం 400 నుంచి 700 నానోమీటర్లు, అంతకన్నా బాగా చిన్నవాటిని ఆ కాంతి విడదీసి చూపించలేదు. లక్ష వోల్టులతో తరిమిన ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం 0.0037 నానోమీటర్లు. ఈ కిటుకు పట్టుకుని 1931లో బెర్లిన్‌లో ఎర్నెస్ట్ రుస్కా, మాక్స్ నోల్ మొదటి పరికరం కట్టారు. రుస్కాకి నోబెల్ రావడానికి మాత్రం 1986 దాకా పట్టింది. వస్తువు ఉపరితలాన్ని గీతగీతగా తడిమి చూపించే స్కానింగ్ రకం 1965లో ఇంగ్లండులో అమ్మకానికొచ్చింది. నాక్కావలసింది అదే.

ఆ రెండు పేజీల రూల్స్‌ని నేను మనసులో రెండు కుప్పలుగా పోసుకున్నాను. ఒక కుప్ప శూన్యం పెట్టినవి. మైక్రోస్కోపు గొట్టంలో గాలి ఉంటే ఎలక్ట్రాన్లు దారిలో అణువులకి గుద్దుకుని చెదిరిపోతాయి, అందుకని గాలంతా లాగేస్తారు. తడి శాంపిల్ పెడితే అందులోని నీరంతా ఆవిరై ఆ శూన్యాన్ని చెడగొడుతుంది. వేలితో ముట్టుకుంటే వేలి జిడ్డు లోపలంతా పాకుతుంది. అయస్కాంత పొడి లేచి వెళ్ళి లెన్సుకి అతుక్కుంటే దాన్ని వదిలించడం ఎవరి తరమూ కాదు. నారలో కరెంటు పారదు కనక మీద పడ్డ ఎలక్ట్రాన్లు అక్కడే పోగై బొమ్మంతా తెల్లటి మంటలా వెలుగుతుంది, కాబట్టి ముందు బంగారం పూత వేయాలి. కొన్ని నానోమీటర్ల మందమే. ("మన గోగుకి బంగారవా!" అని మా అమ్మ వారం రోజులు నవ్వింది.) ఈ కుప్పతో నాకే పేచీ లేదు. శూన్యంతో బేరమాడలేం. వైస్ ఛాన్సలర్ శాంపిల్ తెచ్చినా తడిగా ఉంటే తిప్పి పంపాల్సిందే. నిజం చెప్పాలంటే, యూనివర్సిటీలో అందర్నీ ఒకేలా చూసిన రూల్స్ నాకు ఇవొక్కటే తగిలాయి.

రెండో కుప్ప ఆఫీసు పెట్టినవి.

స్లాట్ మంగళవారం పదకొండు గంటలకి. క్యాంపస్ పేరు చెప్పను, మా ఊరి నుంచి ఒక రాత్రి ప్రయాణం. విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో సోమవారం ఎక్కాను. పోగులు అరవకుండా ఆరబెట్టి, గాజు సీసాల్లో సిలికా జెల్‌తో పెట్టి, సీసాలని స్వెటర్‌లో చుట్టి తెచ్చుకున్నాను. పదింటికల్లా ఆపరేటర్ గారికి శాంపిల్స్ అప్పజెప్పాను. పదకొండుకి ఆఫీసులోంచి ఒకాయన వచ్చి చాలా మామూలుగా చెప్పాడు. "ఇంటర్నల్ వాళ్ళకి పేపర్ రివిజన్ ఉందమ్మా, అర్జెంటు. మీరు వచ్చే మంగళవారం రండి." నేను రూల్స్ కాగితం తీశాను. యూజర్ స్లాటు రద్దు చేసుకోవాలంటే 48 గంటల ముందు చెప్పాలి, లేకపోతే కట్టిన డబ్బు పోతుంది. ఇది నాలుగో నంబరు. మరి వాళ్ళు రద్దు చేస్తే? దానికి నంబరు లేదు. చిన్న అక్షరాల చివరి వాక్యం ఒక్కటే ఉంది. అంటే నేను రాకపోతే నా డబ్బు పోతుంది, వాళ్ళు ఇవ్వకపోయినా నా డబ్బే పోతుంది, రైలు టిక్కెట్టు రూపంలో. అప్పటికి నా ఫెలోషిప్ అయిపోయి నాలుగు నెలలు.

బయట చెట్టు కింద కూర్చుని నాన్నకి ఫోన్ చేశాను.

"ఏటి, మిషను పాడయిపోనాదేటి?"

"లేదు నాన్నా, బానే ఉంది. వేరేవాళ్ళకి ఇచ్చేశారు."

"నీ పేరు ముందే రాసుకున్నారన్నావు గదే."

"రాసుకున్నారు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "సెరువులో కట్టలేసుకోడానికైనా వంతుంటాది గదమ్మా" అన్నాడు.

ఆ మాట మీద నేను చాలా రోజులు ఆలోచించాను. నాగావళి మీద నారాయణపురం ఆనకట్ట కాలవ నీళ్ళు మా వైపు చాలా ఊళ్ళకి అందుతాయి. కాలవ నీరు తాగే ఏ ఊళ్ళోనైనా చిన్న పిల్లాడికి కూడా తెలిసిన సంగతి ఒకటుంది. తూము పక్కన పొలం ఉన్నవాడికి ఏ రూలూ అక్కర్లేదు, నీళ్ళు ఎలాగూ వస్తాయి. వంతు అనే మాట పుట్టిందే శివారు రైతు కోసం. వంతు రాసి ఉంటే అతను రాత్రి లాంతరు పట్టుకెళ్ళి గట్టు మీద నిలబడి అడగగలడు. రాసి లేకపోతే బతిమాలుకోవాలి.

క్యాంపస్‌లో ఉన్నవాళ్ళకి ఆ మైక్రోస్కోపు తూము పక్క పొలం. స్లాటు పోతే రేపొస్తారు, సాయంత్రం టీ తాగుతూ ఆపరేటర్‌ని అడుగుతారు. నేను శివారు. మన దగ్గర ప్రభుత్వ సంస్థల గురించి ఎప్పుడూ వినిపించే ఫిర్యాదు రూల్స్ మరీ ఎక్కువని. నా ఫిర్యాదు అవి తక్కువని. కావలసినచోట లేవని.

లోపలివాళ్ళ వాదన తీసిపారేసేదేం కాదు. వాళ్ళ ప్రొఫెసరే ఏళ్ళ తరబడి అర్జీలు రాసి ఆ పరికరం తెప్పించుకుని ఉంటాడు. ఏటేటా మెయింటెనెన్స్ కాంట్రాక్టు డబ్బుల కోసం ఆయనే తిరుగుతాడు. కరెంటు పోయి యూపీఎస్ మొరాయిస్తే అర్ధరాత్రి పరిగెత్తేది కూడా ఆయనే. బయట నుంచి వచ్చేవాళ్ళలో సరిగ్గా ఆరని శాంపిల్ తెచ్చేవాళ్ళూ, ఏం చూడాలో తెలియకుండా "మంచి ఫొటో ఒకటి ఇవ్వండి" అనేవాళ్ళూ ఉంటారు. అదీ నిజమే. కానీ అది కొన్న డబ్బు వాళ్ళ సొంతం కాదు. పెద్ద పరికరాలు నాలుగు చోట్ల పెట్టి అందరూ వాడుకోవాలనే ఆలోచన కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగానికి 1970లలోనే వచ్చింది, ప్రాంతీయ కేంద్రాలు అప్పుడే మొదలయ్యాయి. 2020లో ఐ-స్టెమ్ పోర్టల్ వచ్చింది, ప్రజాధనంతో కొన్న పరికరం ఏది ఎక్కడుందో ఇంట్లో కూర్చుని వెతకొచ్చు. 2022లో శ్రీమాన్ అనే పేరుతో పరికరాలు పంచుకోవడం మీద ఏకంగా మార్గదర్శకాలే వచ్చాయి (పేరు పెట్టినవాళ్ళకి తెలుగు తెలిసుంటే ఇంకో పేరు వెతుక్కునేవారేమో). అవన్నీ మంచివే. జాబితాలో మిషన్ కనిపించడం వేరు, దాని ముందు కుర్చీ దొరకడం వేరు.

ఆ రోజు నాకు కుర్చీ దొరికింది. ఒంటిగంటకి ఇంటర్నల్ వాళ్ళు భోజనానికి లేచారు. ఆపరేటర్ గారు బయటికొచ్చి నన్ను చూసి, "పొద్దున్నే పూత వేసి ఉంచానమ్మా మీవి. నలభై నిమిషాలున్నాయి, రండి" అన్నారు. ఆయన టిఫిన్ బాక్సు బల్ల మీద మూత తీయకుండానే ఉండిపోయింది. మొదటి పోగు మీద బీమ్ పెట్టగానే అది ముడుచుకుంటున్నట్టు అనిపించింది. నేను నోరు తెరిచేలోపే ఆయన వోల్టేజి దించేశారు. "మొక్కల నారకి పదిహేను కేవీ ఎందుకు, అయిదు చాలు." రెండువేల రెట్లలో చెరువు నార కనిపించింది. పోగుల మధ్య ఎండిపోయిన గంజిలా పెళ్ళలు, అక్కడక్కడా మట్టి రేణువులు. తర్వాత తొట్టి నార. నున్నటి కణాలు పక్కపక్కన, దువ్విన జుట్టులా. పెళ్ళలు దాదాపు లేవు. కానీ ఒకచోట పోగు ఒంటి మీద చిన్న చిన్న గుంటలు. బ్యాక్టీరియా ఆకలి పెక్టిన్‌తో ఆగలేదన్నమాట. బలం అంకె ఎందుకు తగ్గిందో ఏడాదిగా నాకు అంతుబట్టలేదు, అదిగో అక్కడ ఉంది. తొట్టిలో రెండు రోజులు తక్కువ ఊరేస్తే సరిపోతుందని నా థీసిస్ తేల్చిన విషయానికి మూలం ఆ గుంటలే.

వెళ్ళేటప్పుడు "మీదెక్కడమ్మా" అని అడిగారు. చెప్పాను. "మాది పాలకొండ" అన్నారు ఆయన.

సరిగ్గా అక్కడే నాకు సంతోషం కాస్త విరిగింది. పాలకొండ నుంచి మా ఊరు ఎంతో దూరం లేదు. పొద్దున శాంపిల్స్ ఇచ్చేటప్పుడు నా యాస ఆయన విని ఉంటారు. అదే చెట్టు కింద ఒక మణిపురి అమ్మాయో, ఇంగ్లీషూ తెలుగూ రెండూ తడబడే ఆదివాసీ కుర్రాడో కూర్చుని ఉంటే? ఆయన మంచివాడు, బహుశా వాళ్ళనీ పిలిచేవారు. కానీ ఆ "బహుశా" మీద ఒకరి ఫెలోషిప్ గడువు వేలాడకూడదు. దయ కూడా కాలవ నీళ్ళ లాంటిదే, దగ్గర పొలానికి ముందు పారుతుంది.

ఇంకో సంగతి. పేపర్ అచ్చయితే కృతజ్ఞతల్లో ఫెసిలిటీ పేరు, నిధులిచ్చిన సంస్థ పేరు తప్పనిసరిగా రాయాలని రూలుంది. మిషన్ నడిపిన మనిషి పేరు రాయాలని లేదు. అయిదు కేవీ చాలన్న మనిషి కాంట్రాక్టు ఉద్యోగి, ఆయన పేరు ఆ కాగితంలో ఎక్కడా లేదు. నా థీసిస్‌లో రాశాను. ఇక్కడ రాయను. రూలు ప్రకారం ఆ రోజు ఆయన చేసింది తప్పు.

విదేశాల్లో చాలా యూనివర్సిటీల్లో విద్యార్థికి శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, పాసైతే మిషన్ తననే నడుపుకోనిస్తారట. రాత్రిపూట కూడా. నాకు అంత ఆశ లేదు. నేను అడిగేవి చిన్నవి. బయటివాళ్ళకి వారంలో ఒక రోజు, ఎవరూ కదపలేనిది. స్లాటు మారిస్తే వాళ్ళూ 48 గంటల ముందు చెప్పాలి, చెప్పకపోతే ఆ వారంలోనే ఇంకో స్లాటు ఇవ్వాలి. శాంపిల్ పోస్టులో పంపితే చూసి, చూసేటప్పుడు వీడియో కాల్‌లో విద్యార్థిని కూర్చోబెట్టాలి. ఎందుకంటే ఆ గుంటలు నేను పక్కన లేకపోతే ఎవరూ ఆగి చూసేవారు కాదు. నున్నటి చోట బొమ్మ తీసి పంపేసేవారు.

ఇప్పుడు నేను మా జిల్లాలోనే ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఈ ఏడాది ఇద్దరు ఎమ్మెస్సీ పిల్లలకి మైక్రోస్కోపు అవసరం పడింది. ఒకమ్మాయిది పలాస జీడిపిక్కల తొక్క బూడిద, ఇంకొకతనిది గోగే. ఫారం ముగ్గురం కలిసి నింపాం. అడుగున "ప్రత్యేక అభ్యర్థనలు" అని ఒక గడి ఉంది, ఎవరూ ఏమీ రాయనిది. అందులో రాశాను: "వీళ్ళు మధ్యాహ్నం రైలుకి బయల్దేరతారు. స్లాటు మారేట్టయితే ఆ రోజు పన్నెండులోపు ఈ నంబరుకి ఫోన్ చేయగలరు." వారానికి జవాబొచ్చింది. తేదీ, టైము, కట్టాల్సిన మొత్తం, జీఎస్టీ. గడిలో రాసినదాని గురించి ఏమీ లేదు.

"టిక్కెట్లు తీసీమంటారా మేడం?" అని అడిగింది ఆ అమ్మాయి.

తియ్యమన్నాను. రిటర్న్ టిక్కెట్టు మాత్రం రెండు రోజులు ఆగి తియ్యమన్నాను.