చక్రం వెనక రాయి

పాడేరు, మారేడుమిల్లి ఘాట్ రోడ్ల మీద తిరిగే మాకు హ్యాండ్ బ్రేకు చిన్న సంగతి కాదు. సంత రోజు నిండా జనంతో ఉన్న జీపు వాలులో ఆగితే, ఎవరో ఒకరు దూకి చక్రం వెనక రాయి పెడతారు. ఆ రాయి మంచిదే. కానీ హ్యాండ్ బ్రేకు పనిచేయని బండికి అదొక్కటే దిక్కు కాకూడదు.

మన కుర్రాళ్ళు చాలామంది ఇప్పుడు జీపులు, ఆటోలు నడుపుతున్నారు. వాళ్ళకు దీని పని తెలియాలి. చాలా బళ్ళలో పిడి పైకి లాగితే కేబుల్ బిగుస్తుంది. అది వెనక చక్రాల డ్రమ్ముల్లోని బ్రేక్ షూలను విప్పి డ్రమ్ముకు అదిమిపెడుతుంది. కటకటమనే పళ్ళు పిడి జారకుండా పట్టుకుంటాయి. దీనికి బ్రేక్ ఆయిలుతో పని లేదు. అందుకే ఆయిలు కారిపోయి కాలి బ్రేకు పట్టకపోయినా ఇది పడుతుంది.

కేబుల్ సాగితే పిడి మరీ పైకి వస్తుంది, బండి నిలవదు. అప్పుడు కేబుల్ బిగించాలి. వానాకాలం తుప్పుపట్టి ఇరుక్కుంటే, పిడి దించినా బ్రేకు వదలదు. డ్రమ్ము వేడెక్కి కాలిన వాసన వస్తుంది. ఎక్కుడులో ఆపితే ఫస్టు గేరు, దిగుడులో ఆపితే రివర్సు గేరు వేయాలి. పిడి లాగాలి. ఆ తర్వాతే రాయి.

బడిలో సరళ యంత్రాల పాఠం వచ్చినప్పుడు మేం పిల్లలకు ఆగి ఉన్న జీపునే చూపిస్తున్నాం. తోటి టీచర్లూ చూపించాలి. ఆ జీపులో సంతకు వెళ్ళేది వాళ్ళ అమ్మానాన్నలే.