కాలీపోఖరిలో రెండు రాత్రులు

ఇరువది యేండ్లుగా నేను ప్రవరుని హిమాలయమునకు పంపుచున్నాను. సిద్ధుడొసగిన పాదలేపనమును పూసికొని ఆతడు క్షణములో మంచుకొండలకు చేరుటయు, మంచునకు లేపనము కరగిపోగా ఇల్లు చేరు దారి గానక చింతించుటయు మనుచరిత్ర పాఠములో ఎన్నిసార్లు చెప్పియుంటినో లెక్కలేదు. ఆ కావ్యమును వ్రాసిన పెద్దనగారి నాదరించిన కృష్ణదేవరాయలే 1520లో మన రాయచూరు కోటను గెలుచుకొనెనని కూడ ప్రతి సంవత్సరము తప్పక చెప్పుదును. నిరుడు తొమ్మిదవ తరగతి బాలిక యొకతె లేచి, "సార్, మంచుకొండ మీరు చూశారా?" అని యడిగినది. చూడలేదంటిని. మన సీమలో మంచనగా చెరకురసము బండిపై గోనెపట్టాలో చుట్టియుంచిన గడ్డయే గదా. పిల్లలు నవ్విరి, నేనును నవ్వితిని. కాని ఆ ప్రశ్న నన్ను విడువలేదు.

గత దసరా సెలవులలో బెంగుళూరులోని యొక పర్వతయాత్రా సంఘమువారు పదునొకండుగురిని సింగలీలా పర్వతశ్రేణికి తీసికొనిపోవుచున్నారని తెలిసి, మా గణితోపాధ్యాయ మిత్రునితో గూడ పేరిచ్చితిని. నాకు నలువదియారేండ్లు. మోకాళ్ళ విషయమున నేను గొప్పలు చెప్పుకొనలేను. పాదలేపనమునకు బదులుగా మా యింటివారు నొప్పుల తైలము సీసా నొకదానిని సంచిలో పెట్టిరి.

సికింద్రాబాదు మీదుగా హౌరా, అచటినుండి న్యూజల్పాయిగురి, అటుపిమ్మట జీపులో మానేభంజాంగు. ఈ ప్రయాణమంతయు వర్ణింపను. రైలులో పేకాట, పల్లీలు తప్ప విశేషములు లేవు. మానేభంజాంగు భారత నేపాల సరిహద్దున సుమారు ఏడువేల అడుగుల యెత్తున నున్న చిన్న యూరు. అచటినుండి సందక్‌ఫూ శిఖరమునకు ముప్పది కిలోమీటర్లకు పైగా కొండదారి. సందక్‌ఫూ యెత్తు 3,636 మీటర్లు. పశ్చిమ బెంగాలు రాష్ట్రమున నంతకంటె ఎత్తైన చోటు లేదు. 1992లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన సింగలీలా అడవిలో ఈ దారి పోవును. స్థానిక మార్గదర్శి వెంట లేనిదే యాత్రికులను లోపలికి పోనీయరు. మాకిద్దరు మార్గదర్శులు కుదిరిరి. పెద్దవాడు ముందు నడచును, చిన్నవాడు అందరికంటె వెనుకబడినవానితో నడచును. ఇక చిన్నవానికి నేనెంతగా పరిచితుడనైతినో చెప్పనక్కరలేదు.

అతనికిరువదియైదేండ్లుండవచ్చును. నుదుట పెరుగు, కుంకుమ కలిపిన బియ్యపు బొట్టు ఎండి అంటియుండెను. అది వారి దసాయి పండుగకు, అనగా మన దసరాకు, పెద్దలు పెట్టిన బొట్టు. సింధనూరు ప్రక్కన బెంగాలీ శరణార్థుల పునరావాస క్యాంపులున్నవి గదా. ఆ సంతలో నేర్చిన నాలుగు బెంగాలీ మాటలను ఇచట ఖర్చుపెట్టవలెనని నేనతనిని బెంగాలీలో కుశలమడిగితిని. అతడు మర్యాదగా నవ్వి హిందీలో, "దాజూ, మేము బెంగాలు రాష్ట్రంలోనే ఉన్నాం. కాని మా ఇంట్లో మాట నేపాలీ" అనెను. దాజూ యనగా వారి భాషలో అన్నయ్య.

నాకు సిగ్గయినది. ఇదే మాటను నేను బెంగుళూరులో, హుబ్బళ్ళిలో, చివరకు రైలులోనే రెండుసార్లు చెప్పియుంటిని: మేము కర్ణాటకమువారమే, మా యింటి భాష తెలుగు. డార్జిలింగు కొండసీమలో నేపాలీకి 1961లో రాష్ట్ర చట్టముచే అధికారభాషా స్థానము లభించెను. రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో చేరుట 1992లో గాని జరుగలేదు. ఈ సంవత్సరములను నేను పోటీ పరీక్షల పుస్తకములలో చదివి యెరుగుదును. కాని ఆ సంవత్సరములు ఎవరివో వారితో మాటలాడుట అదే మొదలు.

మొదటి రాత్రి తుమ్లింగులో బస. ఆ పల్లె నేపాలములోనిది. దారి యొకచోట మన దేశములో, మరియొకచోట వారి దేశములో సాగుచుండును. సరిహద్దున నక్కడక్కడ రాతి గుర్తులు తప్ప మరేమియు లేదు. ఇంటియజమానురాలు పప్పును ప్రెషరు కుక్కరులో పెట్టినది. ఆ యెత్తున నీరు నూరు డిగ్రీలకు ముందే మరగును గనుక బయట గిన్నెలో పెట్టిన పప్పు ఎంతసేపటికిని ఉడకదని మా గణితోపాధ్యాయులు అందరకు పాఠము చెప్పిరి. ఆమె మాత్రము పాఠముతో పనిలేకయే మూడవ కూతకు కుక్కరు దింపినది.

రెండవనాడు నేనొక తెలివితక్కువ పని చేసితిని. ముందునాడెల్ల వెనుకబడితినని అభిమానము పొడుచుకొని వచ్చి, గైరీబాసు దాటిన పిమ్మట ఎక్కుడు దారిలో వేగముగా నడువసాగితిని. చిన్న మార్గదర్శి వెనుకనుండి "బిస్తారై, బిస్తారై" అని పిలుచుచునే యుండెను. నెమ్మదిగా అని యర్థము. 'నిదానమే ప్రధానము' అని బోర్డుపై వ్రాసి, పిల్లలచేత పదిసార్లు కాపీ వ్రాయించెడి నేను దానిని వినలేదు. నీళ్ళును సరిగా త్రాగలేదు. సాయంకాలమునకు కాలీపోఖరి చేరితిమి. పది వేల అడుగులు దాటిన యెత్తు. ఆ పల్లె మొదట నల్లని నీటితో చిన్న కొలను, దాని చుట్టును ప్రార్థనా పతాకములు. చూడ ముచ్చటగా నుండెను గాని నేను చూచు స్థితిలో లేను. తల పగులుచున్నట్లుండెను; అన్నపు వాసనకే కడుపు త్రిప్పెను.

ఎత్తు ప్రదేశములలో గాలియందలి ప్రాణవాయువు పాలు తగ్గదు; గాలి బరువే తగ్గును. సందక్‌ఫూ వద్ద సముద్రమట్టపు గాలి ఒత్తిడిలో మూడింట రెండు వంతులు మాత్రమే యుండును. అందుచే ప్రతి శ్వాసలోను మనకు దొరకు ప్రాణవాయువు అంతమేరకు తగ్గిపోవును. నెమ్మదిగా ఎక్కినచో దేహము అలవాటుపడును. తొందరపడినవానికి తలనొప్పితో మొదలై, ముదిరినచో తూలుటయు, మాట తడబడుటయు, ప్రాణాపాయమును గలుగవచ్చును. వయస్సునకును బలమునకును దీనితో సంబంధము లేదు.

చిన్న మార్గదర్శి నన్ను లేపి, నేలపై పలకల గీత వెంబడి ఒక పాదము మడమకు రెండవ పాదము వేళ్ళు తగులునట్లు నడువుమనెను. నడచితిని. పిమ్మట, "మీ భాషలో ఏదైనా చెప్పండి దాజూ. పొడుగ్గా ఉండాలి" అనెను. నీకు తెలుగు రాదు గదా యంటిని. "మాట అర్థం కాకపోయినా, తడబడితే తెలుస్తుంది. హిందీలో అయితే మీరు మామూలుగానే ఆలోచించి మాట్లాడతారు, అందుకని అది పనికిరాదు" అనెను.

నేను అరువది సంవత్సరముల పేర్లు మొదలిడితిని. ప్రభవ, విభవ, శుక్ల... ఏడేండ్ల ప్రాయమున మా నాయనమ్మ నేర్పినవి. నిద్రలో లేపి యడిగినను తప్పక చెప్పుదును. చిత్రభాను, స్వభాను, తారణ, పార్థివ అని వచ్చి ఆగిపోయితిని. తరువాతి పేరు రాలేదు. మరల మొదటినుండి చెప్పితిని. మరల అచటనే ఆగితిని. గదిలో నిశ్శబ్దము. "అక్కడ రెండుసార్లు ఆగారు" అని అతడు మృదువుగా అనెను. అప్పుడు నాకు భయమైనది. తలనొప్పికి కాదు. అక్షరములు నమ్మి బ్రతుకువానికి అక్షరములు పోవుట ఎట్టిదో ఆ క్షణమున తెలిసినది.

పెద్ద మార్గదర్శి వచ్చి నిర్ణయించెను: మరునాడు నేను పైకి ఎక్కరాదు, ఇచటనే యుండి వేడినీళ్ళు త్రాగుచు విశ్రమింపవలెను, రాత్రి ఏమాత్రము ముదిరినను, ఎంత చీకటియైనను, క్రిందికి దింపివేయుదురు. తక్కినవారు ఉదయమున సాగిపోయిరి. మా గణితోపాధ్యాయులు వెనుదిరిగి వెనుదిరిగి చూచుచు పోయిరి. చిన్నవాడు నాతో నిలిచిపోయెను.

ఇట నొక సంగతి దాచక చెప్పవలెను. ఈ పత్రికను తల్లిదండ్రులును చదువుదురని యెరిగియే చెప్పుచున్నాను. గత జూనులో ఒక తండ్రి తన కుమార్తె బదిలీ పత్రము కొరకు మన బడికి వచ్చెను. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తియై కాలువలకు నీరు వచ్చిన పిమ్మట కోస్తా జిల్లాల నుండి వచ్చి క్యాంపులు కట్టుకొన్న కుటుంబములలోనిది వారి కుటుంబము. తెలుగులో చదివిన ఉద్యోగమెక్కడ అని యాయన వాదము. మాతృభాషలో ప్రాథమిక విద్యను గూర్చి 1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350-ఏ అధికరణము నాకు కంఠస్థము; సభలలో చెప్పి చప్పట్లు కొట్టించుకొన్నవాడను. అదే మరల ఎత్తుకొంటిని. ఆయన ఓపికగా విని, "మాస్టారూ, మీ అబ్బాయి ఏ బడికి వెళ్తున్నాడండీ?" అనెను.

మా వాడు ఇంగ్లీషు మాధ్యమపు బడిలో ఎనిమిదవ తరగతి. నేను బదులు చెప్పలేదు. ఆ పిల్ల కాగితములన్నియు సరిచూచి కార్యాలయమునకు పంపితిని. పద్యములు చక్కని గొంతుతో చదివెడి పిల్ల.

కాలీపోఖరిలో ఆ పగలెల్ల రగ్గు కప్పుకొని పొయ్యి దగ్గర కూర్చుండగా ఈ సంగతియే తలలో తిరిగినది. ప్రొద్దు గడుచుటకై మార్గదర్శిని మాటలలో దింపితిని. అతనికి నేపాలీ, హిందీ, బెంగాలీ, ఇంగ్లీషు వచ్చును. జర్మను యాత్రికులతో పని జరుపుకొనునంత జర్మను కూడ నేర్చెను. ఇన్ని భాషలవాడవు, అదృష్టవంతుడవంటిని. అతడు పొయ్యిలో కట్టె ఎగదోసి, "మా అమ్మమ్మది తమాంగు భాష. ఆమెకు నేపాలీ అంతగా రాదు. నాకు తమాంగులో పది అంకెల వరకే వచ్చు. చిన్నప్పుడు ఆమె కథ చెబితే మా అమ్మ పక్కన కూర్చుని నేపాలీలో చెప్పేది. ఇప్పుడు అమ్మ లేదు" అనెను. మరల తానే, "అమ్మమ్మ ఉంది. కథలు చెబుతూనే ఉంటుంది" అనెను.

ఎందుకు నేర్చుకొనలేదని నేనడుగలేదు. ఆ ప్రశ్న నన్నడిగినవారికి నేనేమి చెప్పితిని గనుక?

మరునాటి యుదయమున కండ్లు తెరచునప్పటికి తల తేలికగా నుండెను. అతడు టీ గ్లాసుతో వచ్చి, "చెప్పండి" అనెను. పార్థివ, వ్యయ, సర్వజిత్తు, సర్వధారి... అక్షయ వరకు ఆగకుండ పోయినది. అతడు గ్లాసు చేతికిచ్చి, "పదండి" అనెను.

ఆరు కిలోమీటర్ల దారికి ఐదు గంటలు పట్టినది. బిఖేభంజాంగు దాటిన పిమ్మట ఎక్కుడు నిలువుగా నుండును. బిఖ్ అనగా విషము. ఆ చరియలలో నాభి జాతి విషపు మొక్కలు పెరుగుటచే ఆ పేరు. అతడు అడుగు వేసిన చోటనే అడుగు వేసితిని. ఈసారి తొందరపెట్టుకొనుటకు అభిమానమేమియు మిగిలి యుండలేదు.

తక్కినవారు అంతకు ముందే ఫాలూటునకు సాగిపోయిరి. నేను ఫాలూటు చూడలేదు. కాని సందక్‌ఫూలో ఆ రాత్రి నిలిచి, తెల్లవారకముందే లేచి బయటకు వచ్చితిని. గడ్డిపై పేరుకొన్న మంచు కాలిక్రింద కరకరలాడెను. ఉత్తరమున కాంచనజంగ, పవ్వళించిన బుద్ధునివలె, మొదట బూడిద రంగుగను, పిదప గులాబి రంగుగను మారినది. పడమట దూరమున మూడు శిఖరములు. అందు పెద్దదిగా కనబడినది ఎవరెస్టని చేయి చూపితిని. "అది మకాలూ. దాని వెనుక చిన్నగా కనిపించేదే సాగరమాథా" అని మార్గదర్శి చెప్పెను. సాగరమాథా యనగా నేపాలీలో ఎవరెస్టే. దూరమగుటచే చిన్నదై కనబడును.

ఆ కొండను కొలిచిన పని మన దక్షిణదేశముననే మొదలైనది. 1802లో మద్రాసు వద్ద లాంబ్టను ప్రారంభించిన త్రికోణమితి కొలతలు తెలుగుసీమ మీదుగా ఉత్తరమునకు సాగినవి. అతని సహాయకుడైన జార్జి ఎవరెస్టు 1819లో కృష్ణా గోదావరుల నడుమ అడవులలో కొలతలు కొలుచుచు జ్వరము పాలయ్యెను. పదునైదవ సంఖ్య శిఖరమను పేరుతో నున్న కొండయే అన్నింటికంటె ఎత్తైనదని 1852లో లెక్కకట్టినవాడు రాధానాథ సిక్దారను వంగీయుడు. 1865లో దానికి ఎవరెస్టు పేరు పెట్టిరి. 2020లో ప్రకటించిన యెత్తు 8,848.86 మీటర్లు. 2014 మే 25వ తేదీన నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ, పదునాలుగేండ్లు నిండని బాలిక, సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల విద్యార్థిని, ఆ శిఖరముపై నిలిచినది. ఆమె తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. తొమ్మిదవ తరగతివారు ఈ భాగమును గుర్తుంచుకొనవలెను, అడుగుదును.

ఎనిమిది గంటలకు మేఘములు లేచి సర్వమును కప్పివేసినవి.

తిరుగు దారిలో డార్జిలింగులో ఒక పూట యుంటిమి. చౌరస్తాలో, రామాయణమును నేపాలీలో రచించిన భానుభక్త ఆచార్యుని విగ్రహము చూచితిమి. తపాలా కార్యాలయములో ఒక కార్డు కొని, మా అబ్బాయికి తెలుగులో ఏడు పంక్తులు వ్రాసి పెట్టెలో వేసితిని. నేనిల్లు చేరిన నాలుగు దినములకు గాని అది రాలేదు. వాడే వాకిట అందుకొని, త్రిప్పి త్రిప్పి చూచి, నా యొద్దకు తెచ్చి, "నాన్నా, దీంట్లో ఏం రాశారు?" అని యడిగెను.

కూర్చుండుమంటిని. కన్నడ లిపి వచ్చినవాడగుటచే సగము అక్షరములు వానికి చుట్టములే. 'క' వద్దను, 'త' వద్దను, 'శ' వద్దను నిలిచిపోవును. నిలిచినప్పుడు నేను అందింపను; వేచియుందును. రాత్రి భోజనమైన పిదప పావుగంట. ఈ వ్యాసము వ్రాయునాటికి మేము నాలుగవ పంక్తిలో నున్నాము.